పై వాటాలో ఉంటున్న ఆమెను ఖాళీ చేయించాలా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారాలు. మాది అనంతపురం. నా వయసు 61. ఆయన పోయి నాలుగేళ్ళయింది. కొడుకు, కోడలు బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. కింది ఇంట్లో నేను, తొమ్మిదో తరగతి చదివే మనవరాలు ఉంటాము. పై వాటాను రెండేళ్ళ కిందట కదిరి వైపు నుంచి వచ్చిన ఒకామెకు అద్దెకిచ్చాను. ఆమెకూ మా మనవరాలి ఈడు కూతురుంది, ఇద్దరూ ఒకే బడి. పెళ్ళిళ్ళలో వంటలకు పోతానని చెప్పింది. అద్దె ఏనాడూ ఆలస్యం చేయలేదు, ఇంటికి మగమనిషి వచ్చింది నేను చూడలేదు. పోయిన నెలలో మా వీధి ఆయన ఒకరు ఆమెను బస్టాండు దగ్గరి లాడ్జిలో చూశానని, "ఆ పని" చేస్తుందని చెప్పాడు. నేను అడిగితే ఆమె ఏడ్చి, "నిజమే పెద్దమ్మా, ఇంట్లోకి మాత్రం ఎప్పుడూ తేలేదు" అంది. కాలనీవాళ్ళు రామాలయం దగ్గర కూర్చొని, నెలాఖరులోగా ఖాళీ చేయించకపోతే పోలీసులకు చెబుతామని, నా మీద కూడా కేసు పడుతుందని అన్నారు. ఎవరో ఆమె ఫోటో తీసి కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పిల్లలిద్దరూ ఒకే పళ్ళెంలో తింటే రోగాలొస్తాయని కోడలు ఫోనులో కేకలేస్తోంది. ఆమెను ఉంచుకోవడం నేరమా? పంపించేయడం న్యాయమా? ఆ పని మానేయమని నేను చెప్పవచ్చునా? — ఒక పాఠకురాలు, అనంతపురం

సమాధానం: అమ్మా, మీరడిగిన మూడు ప్రశ్నల్లో నేరం సంగతి ముందు చెబుతాను. కేసు పడుతుందన్న బెదిరింపు మనసులో మెదులుతుండగా మిగతా రెండింటి గురించి మీరు నిదానంగా ఆలోచించలేరు. పైగా ఆ మాట అన్నవాళ్ళు చట్టం చదివి అన్నట్టు నాకు తోచలేదు.

మన దేశంలో ఈ విషయానికి సంబంధించిన ప్రధానమైన చట్టం 1956 నాటిది. 1986లో దాన్ని సవరించి, అనైతిక వ్యాపార నిరోధక చట్టమని పేరు మార్చారు. స్టేషన్లలోనూ పత్రికల్లోనూ "పీటా కేసు" అని వినిపించేది దీని కింద పెట్టే కేసే. ఈ చట్టం మొదటి నుంచి చివరిదాకా చదివినా, యుక్తవయసు వచ్చిన స్త్రీ తన ఇష్టంతో డబ్బు తీసుకొని ఒకరితో గడపడమే నేరమని చెప్పే సెక్షన్ కనబడదు. 2020 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు, సంరక్షణ గృహంలో వారి ఇష్టానికి వ్యతిరేకంగా ఉంచిన ముగ్గురు స్త్రీలను విడుదల చేయమంటూ ఈ సంగతిని స్పష్టంగా చెప్పింది. చట్టం శిక్షించేది ఆ పని చుట్టూ అల్లుకున్న వాటిని: వ్యభిచార గృహం నడపడం, మరొకరి ఆ సంపాదన మీద బతకడం, స్త్రీలను అందులోకి దించడం, బంధించి ఉంచడం, బహిరంగ స్థలాల్లో మనుషులను పిలవడం వంటివి.

ఇంటి యజమానికి వర్తించేది ఇందులో మూడో సెక్షన్. తన ఇంటిని వ్యభిచార గృహంగా వాడబోతున్నారని తెలిసి అద్దెకిచ్చిన యజమానికి, మొదటిసారి అయితే రెండేళ్ళ దాకా జైలుశిక్ష పడవచ్చు. మీకు చెప్పినవాళ్ళు బహుశా దీన్నే విని ఉంటారు. అయితే వ్యభిచార గృహమంటే ఏమిటో కూడా ఆ చట్టమే చెప్పింది: ఇంకొకరి లాభం కోసమో, ఇద్దరు ముగ్గురు స్త్రీల ఉమ్మడి లాభం కోసమో ఆ పనికి వాడుకునే చోటు. మీ పై వాటాలో జరుగుతున్నది వంట చేసుకోవడం, బట్టలు ఉతుక్కోవడం, కూతురి చేత హోంవర్కు చేయించడం. ఆ స్త్రీ బయట ఏ పని చేసినా, ఆమె నివాసం ఆమె నివాసమే. ఒక తల్లి, ఒక బిడ్డ కాపురమున్న ఇంటిని ఆ తల్లి వృత్తిని బట్టి వ్యభిచార గృహమనడానికి చట్టంలో ఆధారం లేదు.

రామాలయం దగ్గర కూర్చున్నారు కాబట్టి ఏడో సెక్షన్ కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు. గుడి, బడి, హాస్టలు, ఆసుపత్రి వంటి వాటికి 200 మీటర్ల లోపల ఉన్న చోట ఆ పని జరిగితే నేరమని అది చెబుతుంది. అలా జరిగినప్పుడు స్త్రీ ఒక్కతే కాదు, ఆమె దగ్గరకు వచ్చిన మగవాడూ శిక్షకు అర్హుడే. ఇక్కడ కూడా లెక్కలోకి వచ్చేది ఆ చోట ఆ పని జరగడమే తప్ప, ఆ పని చేసే మనిషి అక్కడ కాపురముండడం కాదు. "ఇంట్లోకి ఎప్పుడూ తేలేదు" అని ఆమె చెప్పిన మాటకు ఎంత బరువుందో మీరిప్పుడు గమనించండి. బిడ్డ కోసం పెట్టుకున్న కట్టుబాటో, మీ మీది గౌరవమో నాకు తెలియదు గాని, రెండేళ్ళుగా మీకు తెలియకుండానే మిమ్మల్ని కాపాడుతున్నది అదే.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఇదే చట్టంలో 20వ సెక్షన్ ఉంది. ఫలానా చోట వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీ నివసిస్తోందని సమాచారం వస్తే, మేజిస్ట్రేటు ఆమెకు నోటీసు ఇచ్చి, విచారించి, ప్రజల మేలు కోసం అవసరమని తోస్తే ఆ ప్రాంతం విడిచి వెళ్ళమని ఆదేశించవచ్చు. కాన్పూరు నుంచి వచ్చిన ఒక కేసులో 1964లో సుప్రీంకోర్టు ఈ సెక్షన్ చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఒక మనిషి ఎక్కడ నివసించాలన్నదాన్ని ఆమె వృత్తిని బట్టి నిర్ణయించే ఇటువంటి సెక్షన్ పుస్తకంలో ఉండడం అన్యాయమని నా అభిప్రాయం. అయినా ఉన్నంతకాలం ఉన్నట్టే. కానీ అది కూడా మేజిస్ట్రేటుకు ఇచ్చిన అధికారమే. ఆమెకు నోటీసు అందాలి, ఆమె వాదన వినాలి, ఆమె తరఫు సాక్ష్యం తీసుకోవాలి. గుడి అరుగు మీద కూర్చున్న పదిమందికి నెలాఖరు గడువు పెట్టే అధికారం ఏ చట్టమూ ఇవ్వలేదు.

మీరు అడగలేదు గాని, ఆమె ఇచ్చే అద్దె డబ్బు గురించి కూడా మీకు ఎక్కడో ముల్లులా గుచ్చుకుంటూ ఉంటుందని అనుకుంటున్నాను. నాలుగో సెక్షన్, తెలిసి తెలిసి ఒకరి వ్యభిచార సంపాదన మీద బతికే పద్దెనిమిదేళ్ళు నిండినవారిని శిక్షిస్తుంది. బ్రోకర్ల కోసం, వాటా లాక్కునే మగవాళ్ళ కోసం రాసిన సెక్షన్ ఇది. ఊళ్ళో ఆమె పంపే డబ్బుతో మందులు కొనుక్కునే ముసలి తల్లి ఉంటే, ఆ తల్లి కూడా అక్షరాల్లో చూస్తే దీని కిందికే వస్తుంది. ఇంకో నాలుగేళ్ళు పోతే, చదువుకుంటూ ఆమె చేతి అన్నం తినే కూతురూ వస్తుంది. పని నేరం కాదంటూనే ఆ పనితో వచ్చిన అన్నం తిన్నవాళ్ళను నేరస్థులను చేసే ఈ వైరుధ్యాన్ని మార్చమని సెక్స్ వర్కర్ల సంఘాలు ఏళ్ళ తరబడి అడుగుతున్నాయి. మీ విషయానికి వస్తే, పక్క ఇళ్ళకు ఎంత అద్దె వస్తుందో అంతే మీరు తీసుకుంటున్నారు. నివాసానికి తీసుకునే మామూలు అద్దె వేరు, సంపాదనలో వాటా వేరు. సంగతి తెలిశాక "నీకు వేరే ఎవరూ ఇల్లివ్వరు" అని అద్దె రెట్టింపు చేసే యజమానులు ఉన్నారు. ఆ పాపం మాత్రం మీరు చేయకండి.

ఇక ఆమెను పంపించేయడం న్యాయమా అన్న ప్రశ్న. పంపించేస్తే ఏమవుతుందో చెబుతాను, నిర్ణయం మీకే వదిలేస్తాను.

కూతురితో ఒంటరిగా ఉన్న ఆడమనిషి అనంతపురంలోగాని, కడపలోగాని, కర్నూలులోగాని అద్దె ఇంటి కోసం తిరిగితే మొదటి ప్రశ్న "మీ ఆయన ఏం చేస్తాడు?" అనే వస్తుంది. రెండోది కులం. ఆపైన అడ్వాన్సు. ఈ మూడూ అడగకుండా ఆమెకు సాయంత్రంలోగా ఇల్లు చూపించగల మనిషి ఊళ్ళో ఒక్కడే, వాడు బ్రోకరు. వాడిచ్చే గదికి అడ్వాన్సు ఉండదు, కానీ ఆ రోజు నుంచి ఎవరు రావాలో, ఎంత తీసుకోవాలో, ఎప్పుడు వద్దనాలో చెప్పే హక్కు ఆమె చేతిలోంచి పోతుంది. మీ ఇల్లు ఉన్నందువల్లనే ఆమె కొన్ని గంటలు ఆ పనికి ఇచ్చి, మిగతా జీవితాన్ని తనకోసం ఉంచుకోగలిగింది. ఇల్లు పోతే ఆ రెండింటి మధ్య గోడ పోతుంది. తొమ్మిదో తరగతి చదివే పిల్ల ఆ గదిలోనే పడుకోవలసి వస్తుంది. వీధి శుభ్రంగా ఉండాలని కాలనీవాళ్ళు చేసే పని, పక్క వీధిలో నిజమైన వ్యభిచార గృహాన్ని తయారుచేస్తుంది.

ఈ మాట నేను ఊహించి రాయడం లేదు. న్యాయ సహాయం కింద కేసులు చూసే రోజుల్లో, మన రాయలసీమలోనే ఒక కోర్టు వరండాలో నలుగురు స్త్రీలు చున్నీలతో ముఖాలు కప్పుకొని గోడకు ఆనుకొని నేల మీద కూర్చొని ఉండగా వెళ్ళాను. ముందు రోజు సాయంత్రం పట్టుకొచ్చారు. వాళ్ళను పట్టుకొచ్చినప్పుడు తీసిన ఫోటోలు అప్పటికే ఊరంతా చేరిపోయాయి. బెయిలు గురించి అడుగుతారని కాగితాలు తీశాను. అందులో ఒకామె చున్నీ కాస్త పక్కకు జరిపి, "మేడమ్, ఇంటి తాళంచెవి స్టేషన్లోనే ఉండిపాయ. పాప ఇస్కూలు నుంచి వచ్చే టైమయింది. యాడ నిలబడుకుంటాదో ఏమో" అంది. రాత్రంతా ఆ పిల్లను పక్కింటివాళ్ళు ఉంచుకున్నారట. మేము ఆ తాళంచెవి తెప్పించేసరికి సాయంత్రమయింది. మర్నాడు ఆమె ఇంటికి వెళ్ళేసరికి యజమాని సామాను మెట్ల మీద పెట్టించి ఉన్నాడు. ఒక గ్యాసు స్టవ్వు, రెండు బిందెలు, బడి సంచి. ఆ తర్వాత ఆమె ఎక్కడికి వెళ్ళిందో కనుక్కోవడానికి ప్రయత్నించాను గాని దొరకలేదు. మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ నాకు ఆ మెట్లే గుర్తొచ్చాయి.

ఆమెది కదిరి వైపు అని రాశారు కాబట్టి ఒక మాట. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఆ ప్రాంతమూ, అనంతపురం పల్లెలూ ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో, చెనిక్కాయ పంటను నమ్ముకొని బతికినవి. వాన ముఖం చాటేసిన ఏళ్ళలో మగవాళ్ళు బెంగళూరు, కేరళ పనులకు వలసపోయారు. ఆడపిల్లలను ఇళ్ళల్లో పని ఇప్పిస్తామని, పెళ్ళి చేస్తామని నమ్మించి పుణే, ముంబై, ఢిల్లీల దాకా తీసుకెళ్ళి అమ్మినవాళ్ళు ఈ నేలలోనే పుట్టారు. అంతకు ముందు తరాల్లో, కర్ణాటక సరిహద్దు పొడుగునా ఉన్న మన పల్లెల్లో ఆడపిల్లను బసివిగా దేవుడికి విడిచి, ఆమెను ఊరి పెద్దలే అనుభవించారు. 1947లో మద్రాసు ప్రభుత్వం చేసిన దేవదాసీ చట్టం అప్పటి దత్తమండలానికీ వర్తించింది. అయినా ఆచారం ఆగకపోవడం వల్లనే 1988లో ఆంధ్రప్రదేశ్ మళ్ళీ చట్టం చేయవలసి వచ్చింది. పంట పోయినప్పుడు, మొగుడు వదిలేసినప్పుడు ఆమె ముందు ఎన్ని దారులున్నాయో మనకు తెలియదు. తెలియనప్పుడు తీర్పు చెప్పకుండా ఉండడమే మర్యాద.

లాడ్జిలో చూశానన్న మీ వీధి ఆయన గురించి నేను ఎక్కువ రాయను. ఆయన అక్కడికి ఎందుకు వెళ్ళాడని మీటింగులో ఒక్కరూ అడగలేదన్నది మాత్రం మీరు గుర్తుంచుకోండి. ఒకే లాడ్జిలో కనిపించిన ఇద్దరిలో ఒకరు సాక్షి, ఒకరు దోషి అయ్యారు.

సుప్రీంకోర్టు ఏం చెప్పిందో మీరు కొంత విని ఉంటారు. 1999లో కోల్‌కతాలో ఈ వృత్తిలో ఉన్న ఒక స్త్రీని కొట్టి చంపిన కేసులో నిందితుడి అప్పీలును 2011లో కొట్టేస్తూ, కోర్టు అక్కడితో ఆగక, ఈ స్త్రీలు గౌరవంగా బతికే పరిస్థితులు ఎలా కల్పించాలో సూచించమని ఒక కమిటీని వేసింది. 2022 మే 19న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ కమిటీ సిఫార్సుల్లో కొన్నింటిని అమలు చేయమని రాష్ట్రాలను ఆదేశించింది. లైంగిక దాడి జరిగితే ఇతర బాధితులకు అందే వైద్యసాయమంతా వీరికీ అందాలి. పోలీసులు వీరిని దూషించకూడదు, కొట్టకూడదు. పోలీసు దాడుల వార్తల్లో వీరి గుర్తింపు తెలిసేలా ఫోటోలు వేయకూడదు. కండోములను నేరానికి రుజువుగా చూపకూడదు. ఇష్టం లేకుండా సంరక్షణ గృహాల్లో ఉంచిన యుక్తవయస్కులను విడిచిపెట్టే విషయం పరిశీలించాలి. నివాస రుజువు లేకపోయినా, ఎయిడ్స్ నియంత్రణ సంస్థ అధికారి ఇచ్చే ధ్రువపత్రంతో ఆధార్ ఇవ్వాలి, ఆ కార్డులో వృత్తి తెలిసే గుర్తేదీ ఉండకూడదు. స్వచ్ఛందంగా ఈ పనిలో ఉన్న యుక్తవయస్కులపై పోలీసులు చర్య తీసుకోరాదన్న సిఫార్సు, తల్లి ఈ పనిలో ఉందన్న కారణంతోనే బిడ్డను వేరుచేయరాదన్న సిఫార్సు మాత్రం కేంద్ర ప్రభుత్వం అభ్యంతరం తెలిపిన వాటిలో ఉన్నాయి. ఆ రోజు ఇచ్చిన ఆదేశాల్లో అవి చేరలేదు. పత్రికల్లో అన్నీ కలిపి రాశారు కాబట్టి, రేపు ఎవరితోనైనా వాదించేటప్పుడు మీరు ఈ తేడా ఎరిగి మాట్లాడడం మంచిది. వీరిలో ప్రతి ఒక్కరికీ గౌరవంగా బతికే హక్కు రాజ్యాంగం ఇచ్చిందన్న మాటలో మాత్రం ఏ అనుమానమూ లేదు. అంతకు చాలా ముందే, 1990లో, రాత్రివేళ ఒక స్త్రీ గుడిసెలోకి చొరబడబోయిన పోలీసు ఇన్‌స్పెక్టరు కేసులో, ఆమె నడవడిక గురించి ఎవరు ఏమన్నా ఆమె ఇంటి ఏకాంతంలోకి జొరబడే హక్కు ఎవరికీ లేదని అదే కోర్టు చెప్పింది.

మీ కోడలి భయానికి జవాబు చిన్నది. ఒకే పళ్ళెంలో తినడం వల్ల, పక్కపక్కన కూర్చొని చదువుకోవడం వల్ల హెచ్‌ఐవి రాదు. ఈ వృత్తిలో ఉన్న స్త్రీలు చాలామంది ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం కింద క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకుంటారు. మన ఇళ్ళల్లో ఎంతమంది మగవాళ్ళు ఆ పరీక్ష చేయించుకుని ఉంటారో ఆలోచించండి. ఆమెకు ఆ జబ్బు ఉన్నా సరే, ఆ కారణంతో అద్దె ఇల్లు నిరాకరించడం, ఖాళీ చేయించడం 2017లో చేసిన హెచ్‌ఐవి, ఎయిడ్స్ చట్టం ప్రకారం నిషిద్ధం. కాబట్టి పరీక్ష కాగితం చూపించమని మీరు గాని, కాలనీవాళ్ళు గాని ఆమెను అడగకండి.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది ఆ పాప సంగతి. ఫోటో గ్రూపులో పెట్టారంటే అది బడి దాకా చేరడానికి ఎంతసేపు పడుతుంది? పదో తరగతి ముంగిట్లో ఉన్న పిల్ల, తోటివాళ్ళు గుసగుసలాడుతుంటే బడి మానేస్తుంది. బడి మానేసిన ఆడపిల్ల కోసం కాచుకొని ఉండే మనుషులెవరో మన సీమలో ఎవరికీ చెప్పనక్కరలేదు. అందువల్ల మీరు ఈ రోజే చేయవలసిన పని, ఆ ఫోటో పెట్టిన వ్యక్తిని గాని, గ్రూపు నడిపే వ్యక్తిని గాని పిలిచి దాన్ని తీసేయమని చెప్పడం. ఒక స్త్రీ ఫోటో పెట్టి, ఆమె శీలం గురించి రాతలు రాయడం పోలీసు ఫిర్యాదుకు తగిన పని అని కూడా చెప్పండి. మీ వయసుకు ఇచ్చే మర్యాద కోసమైనా వింటారు. మీ మనవరాలికి ఏం చెప్పాలో మీకు తెలుసు. తల్లి బతుకుతెరువు గురించి స్నేహితురాలిని ఏమీ అడగవద్దని, ఎప్పటిలాగే కలిసి బడికి పొమ్మని చెబితే చాలు. పిల్లలు ఇటువంటివి మనకన్నా తేలికగా అర్థం చేసుకుంటారు. ఆ పాప మిమ్మల్ని "అవ్వా" అని పిలుస్తూ ఉంటే, ఆ పిలుపు ఆగిపోకుండా చూడండి. వారం రోజులుగా కిందికి రాకుండా ఉంటే మీరే ఒకసారి మెట్లెక్కండి.

మూడో ప్రశ్న, ఆ పని మానేయమని చెప్పవచ్చునా అన్నది. చెప్పవద్దు. మీరు చెప్పకముందే ఆమె ఆ మాట తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకుందో మనకు తెలియదు. మానమని చెప్పేవారికి, మానిన నెలలో ఇంటి అద్దె, బడి ఖర్చు, ఊళ్ళో తల్లి మందుల ఖర్చు ఎక్కడి నుంచి వస్తాయో చెప్పగలిగే శక్తి ఉండాలి. దానికి బదులు "నీకు ఏం కావాలి?" అని అడగండి. ఆమె బియ్యం కార్డు కావాలనవచ్చు, డ్వాక్రా సంఘంలో చేరాలనవచ్చు, ఏమీ వద్దు, ఈ ఇంట్లో ఉండనిస్తే చాలు అనవచ్చు. ఏది చెప్పినా అదే ఆమె జవాబు. పని మారాలనుకుంటే ఆమెకు సాయపడే ప్రభుత్వ పథకాలు, సంఘాలు ఉన్నాయి, కానీ ఆ కోరిక ఆమె నుంచి రావాలి.

ఒక్క విషయం మాత్రం నెమ్మదిగా, ఇద్దరే ఉన్నప్పుడు అడిగి తెలుసుకోండి. ఎవరైనా ఆమెను బలవంతం చేస్తున్నారా, అప్పు పేరు చెప్పి డబ్బు లాక్కుంటున్నారా, కూతురి పేరెత్తి బెదిరిస్తున్నారా? ఆమె ఇష్టంతో చేసే పని వేరు, మనిషిని సరుకులా మార్చే రవాణా వేరు. రెండింటినీ ఒకటిగా చూసి ఈ స్త్రీలకు చేసిన కీడు తక్కువేమీ కాదు, అలాగని రెండోది లేనట్టు కళ్ళు మూసుకోవడమూ తప్పే. బెదిరింపు ఉంటే 112కు, మహిళల కోసం ఉన్న 181కు ఫోను చేయవచ్చు. పాపకు ప్రమాదమని తోస్తే 1098 ఉంది.

కాలనీవాళ్ళు నిజంగా పోలీసులకు చెబితే ఏం చేయాలో కూడా తెలుసుకొని ఉండండి. ఈ చట్టం కింద వారంటు లేకుండా సోదా చేయడానికి, ఇన్‌స్పెక్టరు హోదాకు తగ్గని ప్రత్యేక పోలీసు అధికారి ఉండాలి. కనీసం ఇద్దరు మహిళా పోలీసులు ఉండాలి. సాక్షులుగా పిలిచే ఇద్దరు పెద్దమనుషుల్లో ఒకరు స్త్రీ అయి ఉండాలి. రాత్రిపూట వారంటు లేకుండా ఒక కానిస్టేబులు వచ్చి తలుపు తడితే తీయవలసిన అవసరం ఆమెకు గాని, మీకు గాని లేదు. అన్నిటికన్నా ముందు, ఈ వారంలోనే వీలు చూసుకొని ఆమెను వెంటబెట్టుకొని కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు, 15100కు ఫోను చేసి కూడా అడగవచ్చు. ఆమె ఒక్కతే వెళ్తే గుమ్మం దగ్గరే వెనక్కు తిరిగి వస్తుందేమో. మీ వంటి పెద్దావిడ పక్కన ఉంటే కుర్చీ వేసి మాట్లాడతారు. అలా ఉండకూడదు గాని, ఇప్పటికి ఉన్న పరిస్థితి ఇదే.

రామాలయం దగ్గర మీటింగుకు మళ్ళీ పిలిస్తే వెళ్ళండి, వెళ్ళకపోతే మీరు ఒప్పుకున్నట్టే అనుకుంటారు. ఆమె తరఫున వకాల్తా పుచ్చుకొని ఆమె కథ చెప్పనవసరం లేదు. చెప్పకూడదు కూడా, అది ఆమెది. "అద్దె సరిగ్గా కడుతోంది, నా ఇంట్లో ఏ తప్పూ జరగలేదు, చదువుకునే బిడ్డ ఉంది, నేను ఖాళీ చేయించను" అని నాలుగు మాటలు చెప్పి వచ్చేయండి. ఎవరైనా సెక్షన్లు చెబితే రాతపూర్వకంగా ఇమ్మనండి. కొన్నాళ్ళు మీతో మాటలు తగ్గిస్తారు, పేరంటానికి పిలవరు. అరవై ఏళ్ళు దాటి ఒంటరిగా ఉంటున్న మీకు అది చిన్న కష్టం కాదని నాకు తెలుసు. ఆ కష్టాన్ని తక్కువ చేసి చెప్పను. భరించలేననిపిస్తే, కనీసం పాప పరీక్షలు అయిపోయేదాకా గడువు ఇచ్చి, వేరే మంచి ఇల్లు మీరే మాట్లాడిపెట్టి, అప్పుడు పంపండి. అదీ తప్పని నేను అనను. కానీ భరించగలరేమోనని ఒకసారి ఆలోచించమని వేడుకుంటున్నాను.

చివరగా, అద్దె ఒప్పందం ఎవరి పేరున ఉందో ఒకసారి తీసి చూడండి. ఒంటరి ఆడమనిషికి ఇల్లు ఇవ్వడానికి మనవాళ్ళు మగవాడి సంతకం అడుగుతారు కాబట్టి, అన్నో మామో ఎవరి పేరో ఉండి ఉంటుంది. అలా ఉంటే దాన్ని మార్చి, నివాసానికి మాత్రమే అని రాసి, ఆమె పేరు, మీ పేరు పెట్టి కొత్త ఒప్పందం చేయించండి. అద్దె బ్యాంకు ఖాతాలో వేయించుకోండి. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే ఆ కాగితం మీకు అండగా ఉంటుంది. ఆధార్‌లో చిరునామా మార్చుకోవడానికి, ఇక్కడి చిరునామాతో బియ్యం కార్డుకు దరఖాస్తు పెట్టుకోవడానికి ఆమెకు కావలసిన మొదటి రుజువూ అదే అవుతుంది.